పైచదువుల వాకిట పెద్దల విధి



ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న బిడ్డ ఉన్న ఇంటిలో ఏడాది పొడవునను వినవచ్చు ప్రశ్న ఒక్కటే: మార్కులెన్ని వచ్చినవి, ర్యాంకెంత రాగలదు? తెల్లవారుజామున స్టడీ అవరునకు నిద్రలేపు వార్డెను మొదలుకొని, సంక్రాంతికి ఇంటికి వచ్చిన మేనమామ వరకు, పదునేడేండ్ల ఆ బిడ్డను అందరును అడుగునది అదియే. ఆ ప్రశ్న తప్పని నేననను; శ్రద్ధగా చదువుట విద్యార్థి ధర్మము, ఆ ధర్మమును గుర్తుచేయుట పెద్దల ధర్మము. కాని మార్కులు తెచ్చుకొనుట విద్యార్థి పని యైనట్లే, ఆ మార్కులతో ఏ విద్యాలయమున ప్రవేశింపవచ్చునో, దరఖాస్తు ఏ నెలలో పెట్టవలెనో, ఏ పత్రము సిద్ధముగా ఉండవలెనో, ఫీజునకు చేయూత ఎచ్చటనుండి లభించునో తెలిసికొని చెప్పుట పెద్దల పని. మొదటి పనిని పిల్లలు ప్రాణములొడ్డి చేయుచున్నారు. రెండవ పనిని మనము చేయుచున్నామా అన్న విచారమే నేటి నా ప్రసంగమునకు విషయము.

విద్యార్థిని ఆదుకొనుట మన జాతికి క్రొత్త ధర్మము కాదు. ఒకనాడు ఊరుగాని ఊరికి చదువునకై వచ్చిన బీద బాలుడు వారములు చేసికొని, ఆదివారమొక ఇంట, సోమవారమొక ఇంట భుజించి విద్య గడించెడివాడు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తండ్రి గతించిన పిమ్మట, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పోషించినది. ఆయన గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు తాము రాజమహేంద్రవరమునకు మారునపుడు ఆ శిష్యుని వెంటబెట్టుకొనిపోయి చదివించినారు. హైదరాబాదులో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో నెలకొన్న రెడ్డి హాస్టలు, నిజాం రాజ్యమునందలి పల్లెలనుండి వచ్చిన ఎందరో తెలుగు బాలురకు నీడనిచ్చి, వారిని విద్యావంతులుగా తీర్చినది.

ఇంకొక ఉదాహరణము చెప్పెదను. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యవిద్య పూర్తిచేసి, ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము నభ్యసించుటకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోదలచినపుడు, ఆయనకు సాయపడినవారు మామగారొకరు, కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వేరొకరు. ఆ నాయకరుగారు రంగూనుకు పోయి, కష్టించి ధనమార్జించి, దానిని విద్యాదానాది ధర్మకార్యములకు వ్రాసిపోయిన పుణ్యపురుషుడు. బోస్టను చేరిన సుబ్బారావుగారు, రాత్రివేళ ఆసుపత్రిలో సామాన్యసేవకుని పని చేసికొనుచు చదివి, తరువాతి కాలమున బోదవ్యాధికి హెట్రజానును, క్యాన్సరునకు మెథోట్రెక్సేటును లోకమున కందించిన పరిశోధనలకు నాయకత్వము వహించినారు. ధర్మము చేసిన ఆ దాతకు తన ధనము ఎచ్చటి ఏ బిడ్డ ప్రాణము నిలుపునో తెలియదు, తెలియకయే చేసినాడు. విద్యార్థికి చేయు సహాయముయొక్క మహిమ అట్టిది.

అయితే ఆనాటికిని నేటికిని ఒక భేదమున్నది. ఆనాడు సహాయము స్వల్పమైనను, ఇచ్చువాడు పుచ్చుకొనువానిని ముఖాముఖి ఎరిగినవాడు. గురువు తానే వచ్చి, రా నాయనా యని చేయిపట్టుకొని తీసికొనిపోయెడివాడు. నేడు సహాయము విస్తారమైనది; షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి ఉపకారవేతనము 1944లోనే ప్రారంభమైనది, ఉమ్మడి రాష్ట్రములో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు వలన లక్షలాది కుటుంబములకు ఇంజనీరింగు చదువు అందుబాటులోనికి వచ్చినది. కాని ఈ సహాయమంతయు దరఖాస్తుల వెనుక, గడువుల వెనుక, ధ్రువపత్రముల వెనుక నున్నది. అచ్చటికి బిడ్డను చేయిపట్టుకొని నడిపింపగల మనిషి లేనిచో, ఉన్న సహాయమును లేనిదానితో సమానమే. తల్లిదండ్రులు చదువుకొన్నవారైన ఇంటిలో ఆ మనిషి సహజముగానే యుండును. కూలికి పోవు తల్లికి, కౌలుకు చేయు తండ్రికి పుట్టిన బిడ్డకు ఆ మనిషిని సమాజమే సమకూర్చవలెను.

మొట్టమొదట ఆలోచింపవలసినది ఏమి చదువవలెనను విషయము. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రము నెంచుకొనుటకు కారణము, ఆ శాస్త్రము చదివి ముగించిన బంధువొకరు తమ పుస్తకములను ఆయన కిచ్చుటయే యని ప్రసిద్ధి. పుస్తకములు కొనలేని బీదరికము చూపిన మార్గము ఆ మహనీయుని విషయమున సత్ఫలితము నిచ్చినది. కాని అదృష్టమును అందరికిని నియమముగా భావింపరాదు. మన ఇండ్లలో నేడు చదువును నిర్ణయించునది పేదరికము కంటెను ఎక్కువగా పొరుగింటి అనుకరణము. పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడే ఎం.పి.సి.యో బైపి.సి.యో నిర్ణయమైపోవును, గణితమన్న భయపడు బిడ్డ ఎం.పి.సి.లో రెండేండ్లు కృశించును, చరిత్రయన్న చెవికోసికొను బిడ్డ హెచ్.ఇ.సి. యన్న పేరైనను వినకుండనే పెరుగును.

బిడ్డకు ఏది ఇష్టమో తెలిసికొనుటకు ఒక సులభోపాయమున్నది. ఏ పాఠమును ఎవరును బలవంతపెట్టకయే తెరచి చదువుచున్నదో, ఏ విషయమును తమ్మునికో చెల్లెలికో ఉత్సాహముతో వివరించుచున్నదో కొన్ని వారములు గమనింపుడు. పిమ్మట ఆ అభిరుచికి తగిన విద్యలేవో వెదకుడు. మౌలికశాస్త్రములపై మక్కువగల బిడ్డకు తిరుపతిలో ఐసర్ విద్యాసంస్థ యున్నది. న్యాయశాస్త్రమునకు హైదరాబాదులో నల్సారు, విశాఖపట్టణములో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఉన్నవి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనను అచ్చటి ఐదేండ్ల న్యాయవిద్యకు అర్హులు. భాషలయందు ఆసక్తిగలవారికి హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును, నౌకావిద్యను కోరువారికి విశాఖపట్టణమునందలి భారత సముద్రయాన విశ్వవిద్యాలయ ప్రాంగణమును కలవు. లెక్కలు వ్రాయుటయందు నేర్పుగల బిడ్డ ఇంటర్మీడియట్ కాగానే సి.ఏ. ఫౌండేషను పరీక్షకు పేరు నమోదు చేసికొనవచ్చును. జాతీయ రక్షణ అకాడమీ పరీక్షను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరములో నుండగనే వ్రాయవచ్చును; 2021నాటి సుప్రీంకోర్టు ఆదేశముతో ఆ ద్వారము ఆడపిల్లలకును తెరువబడినది; అందలి ఆర్మీ విభాగమునకు ఏ గ్రూపువారైనను అర్హులే. నర్సింగు, వ్యవసాయశాస్త్రము, పశువైద్యము, ఉపాధ్యాయశిక్షణము మొదలగు విద్యలు ఇంజనీరింగు దక్కనివారికి మిగిలిన ఓదార్పు విద్యలు కావు. దేశమునకు నిత్యము కావలసిన విద్యలు. ఒక సంగతి మరువరాదు: చదువును ఎంచుకొనుట యన్నచో మిక్కిలి పేరుగలదానిని ఎంచుకొనుట కాదు, నాలుగేండ్లపాటు ఉదయము లేవగానే ఆ పుస్తకము పట్టుకొనవలెనని తోచుదానిని ఎంచుకొనుట.

ఇక కాలమును గూర్చి. జె.ఇ.ఇ. మెయిను పరీక్ష జనవరిలో ఒకమారు, ఏప్రిలులో ఒకమారు జరుగును; నీట్ సాధారణముగా మే నెల ఆరంభమునను, మన రాష్ట్రముల ఈఏపీసెట్ పరీక్షలు ఇంటర్మీడియట్ పరీక్షల అనంతరమును జరుగును. ఇవి అందరికిని తెలిసినవే; కళాశాలలే గుర్తుచేయును. కాని జాతీయ న్యాయవిద్యాలయముల ప్రవేశపరీక్ష డిసెంబరులోనే జరిగిపోవుచున్నది. డిజైను విద్యాసంస్థల తొలి పరీక్షలును వేసవికి ముందే జరుగును. ఇంటర్మీడియట్ పరీక్షలు కానిమ్ము, అప్పుడు చూతమని కూర్చున్నవారికి అప్పటికే ఆ ఏడాది గడచిపోయియుండును. కావున విద్యాసంవత్సరము ఆరంభమైన జూన్, జూలై నెలలలోనే ఒక చిన్న పుస్తకములో నెలనెలకు ఒక పుట చొప్పున కేటాయించి, దరఖాస్తు గడువులను, పరీక్షల తేదీలను, కౌన్సెలింగు దినములను వ్రాసికొనుట ప్రతి కుటుంబమును అలవరచుకొనవలసిన పద్ధతి. ఆ తేదీలు ఏటేట మారును గనుక వాటిని అధికారిక ప్రకటననుండియే గ్రహింపవలెను; ఎవరో చెప్పిరనియు, ఫోనులో ఎవరో పంపిరనియు నమ్మరాదు.

పత్రముల సంగతి ఇంతకంటెను ముఖ్యమైనది. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ముందును, ఆధారు కార్డులో వెనుకను ఉండుట, ఒకచోట పొడి అక్షరములు, మరియొకచోట పూర్తిపేరు ఉండుట మన తెలుగువారి ఇండ్లలో సర్వసామాన్యము. ఈ చిన్న భేదము కారణముగా దరఖాస్తులు నిలిచిపోవును. బిడ్డ పేరున బ్యాంకు ఖాతా ఉండవలెను. అది ఆధారుతో అనుసంధానమై, లావాదేవీలు లేక నిద్రాణమైపోకుండ ఉండవలెను. లేనిచో మంజూరైన ఉపకారవేతనమును చేతికి రాదు. ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఆరవ తరగతినుండి ఇంటర్మీడియట్ వరకు చదివినట్లు బోనఫైడు పత్రములు, టి.సి., ఇవన్నియు కౌన్సెలింగు వారములో పరుగులిడి సంపాదింపదగినవి కావు. ఆ వారములో మీసేవ కేంద్రము ముందర ఊరు ఊరంతయు నిలిచియుండును.

ఒక విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. వెనుకబడిన తరగతుల వారికి రాష్ట్రమిచ్చు బి.సి. ధ్రువపత్రము రాష్ట్ర కళాశాలలకు చాలునేకాని, ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి. వంటి కేంద్ర విద్యాసంస్థలకు చాలదు. అచ్చటికి కేంద్రప్రభుత్వ నమూనాలో, సంపన్నశ్రేణికి చెందనివారమని తెలుపు ఓ.బి.సి. పత్రము వేరుగా కావలెను. అటులనే 2019లో వచ్చిన ఆర్థికముగా వెనుకబడిన వర్గముల రిజర్వేషనునకు ఆ ఆర్థికసంవత్సరమునకు చెందిన పత్రమే చెల్లును. ర్యాంకు తెచ్చుకొన్న బిడ్డ పత్రము లేక ఆ వర్గములోని సీటును పోగొట్టుకొనుటకంటె దుఃఖకరమైనది మరియొకటి లేదు; అందులో ఆ బిడ్డ దోషమేమియు లేదు.

ఇప్పుడు ఉపకారవేతనములను గూర్చి. ఎనిమిదవ తరగతిలో జరుగు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్షలో ఎంపికైన పేద విద్యార్థికి తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియట్ ముగియువరకు ఏటికి 12,000 రూపాయలు లభించును. కాని దానిని ప్రతి సంవత్సరమును జాతీయ స్కాలర్‌షిప్ పోర్టలులో పునరుద్ధరించుకొనవలెను. కుటుంబాదాయము నాలుగున్నర లక్షలకు లోబడి, ఇంటర్మీడియట్‌లో తమ గ్రూపువారిలో పై ఇరువది శాతములో నిలిచినవారు కేంద్రప్రభుత్వ ఉపకారవేతనమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఎంపికైనవారికి డిగ్రీ మూడేండ్లును ఏటికి 12,000 రూపాయలు అందును. ఇందులో సగము ఆడపిల్లలకే కేటాయింపబడినది. బోర్డులో పై ఒక్క శాతములో నిలిచి, ఇంజనీరింగును వైద్యమును కాక మౌలికశాస్త్రములను చదువనెంచినవారికి ఇన్‌స్పైర్ పథకము క్రింద ఏటికి 80,000 రూపాయల ఉపకారవేతనమున్నది. సాంకేతికవిద్యలో చేరిన ఆడపిల్లలకు ప్రగతి యను పథకము, దివ్యాంగులకు సక్షమ్ అను పథకము ఏటికి 50,000 రూపాయలు ఇచ్చుచున్నవి. మంచి మార్కులు వచ్చిన ఊరి బడి పిల్లలలో ఈ పేర్లు విన్నవారెందరని మీ ఊరిలో ఒకమారు విచారించి చూడుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నిజమైన ఉపకారవేతనమేదియు విద్యార్థినుండి ముందుగా సొమ్ము కోరదు. సీటు ఇప్పింతుమని, స్కాలర్‌షిప్ మంజూరు చేయింతుమని పైకము అడుగువారిని దరిజేరనీయకుడు. అసలు సర్టిఫికెట్లను పరిశీలనకు చూపుడు, నకళ్ళు ఇండు. అసలువాటిని కళాశాలలు తమకడ నుంచుకొనరాదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లోనే ఉత్తరువు చేసినది.

ఉపకారవేతనము చాలనపుడు విద్యాఋణము కలదు. అప్పు అనగానే వెనుకాడు తల్లిదండ్రుల భయమును నేను గౌరవించెదను. పొలము తాకట్టుపడి తిరిగిరాని కథలు మన పల్లెలలో కొల్లలు. కాని వడ్డీవ్యాపారియొద్ద పొలము వ్రాసియిచ్చి తెచ్చు అప్పు వేరు, బ్యాంకు విద్యాఋణము వేరు. దీని వాయిదాలు సాధారణముగా చదువు ముగిసిన ఏడాదికిగాని ఆరంభము కావు. 2024లో మొదలైన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తాకట్టుగాని జామీనుగాని లేకయే ఋణమిత్తురు. ఎనిమిది లక్షలలోపు కుటుంబాదాయము కలవారికి, వేరే వడ్డీ రాయితీగాని ఉపకారవేతనముగాని పొందకున్నచో, చదువుకాలమున వడ్డీలో మూడు శాతము రాయితీయు లభింపవచ్చును. అయినను ఋణము ఋణమే. ఏ కళాశాలకై తెచ్చుచున్నామో, అచ్చట చదివినవారు ఏమి చేయుచున్నారో ముందుగా విచారింపవలెను. కళాశాల ప్రకటనలోని ఛాయాచిత్రములు చూచి నిర్ణయింపక, ఆ ఊరికి పోయి, అచ్చట చదువుచున్న విద్యార్థులనే అడిగి తెలిసికొనుట ఉత్తమము.

విద్యార్థులారా, ఇప్పుడు రెండు మాటలు మీతో. ఇందాక చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. ఆ మొదటి అపజయమునాడే ఆయనను పనికిమాలినవాడని త్రోసివేసినచో లోకమెంత నష్టపోయెడిదో ఊహింపుడు. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొలది వారములలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. నెగ్గినవారు ఆ ఏడాదియే పైచదువులలో చేరవచ్చును. పరీక్ష తప్పినచో మరల వ్రాయవచ్చును; ర్యాంకు రానిచో మార్గము మార్చుకొనవచ్చును; ప్రాణము పోయినచో తిరిగిరాదు. మనసు భరింపలేనంత బరువెక్కినపుడు తల్లితోనో, మాస్టరుగారితోనో, స్నేహితునితోనో మాటాడుడు. ఎవరితోను చెప్పలేనిచో 14416 అను నెంబరునకు ఫోను చేయుడు. టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాటాడుదురు, పగలు రాత్రి అన్న భేదము లేదు. తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చిన దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడు. ఆనాడు మొదటి మాట మార్కులను గూర్చి కాక, భోజనము చేసితివా యని కావలెను.

ముగించుటకు ముందు పెద్దలకు నా విన్నపము. మన ప్రతి ఊరిలోను పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, బ్యాంకులో పనిచేసి వచ్చినవారున్నారు, నగరములలోను విదేశములలోను స్థిరపడి ఊరికి ఏమైన చేయవలెనని తలంచువారున్నారు. గుడి గోపురమునకు, బడి గోడలకు చందాలిచ్చుట మంచిదే. దానితోబాటు, జూన్ మాసములో ఊరి గ్రంథాలయమునందో పంచాయతీ కార్యాలయమునందో ఒక ఆదివారము కూర్చుండి, పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువుచున్న బిడ్డల పేర్లు ఒక పుస్తకములో వ్రాసి, ప్రతి బిడ్డకు ఎదురుగా ఆ బిడ్డ చదువదలచిన విద్య, వ్రాయవలసిన పరీక్ష, అర్హతగల ఉపకారవేతనము, ఇంకను సిద్ధము కావలసిన పత్రము నమోదు చేయుడు. ఒక్కొక్క పెద్దమనిషి నలుగురైదుగురు బిడ్డల బాధ్యత వహించి, నెలకొకమారు ఆ పుస్తకము తెరచి, ఏ పని మిగిలియున్నదో అడుగుచుండవలెను. దీనికి భవనము అక్కరలేదు, విరాళము అక్కరలేదు, పదవి అక్కరలేదు. ఓపికయు, ఊరి బిడ్డలు మన బిడ్డలే యను భావమును చాలును.

హనుమంతరావు నాయుడుగారు ఒంగోలులో చేసినది ఇంతియే. ఒక బీద బాలునియందు ప్రతిభను గుర్తించి, వాని చదువు ఆగరాదని తనంత తానే నిశ్చయించుకొనినాడు. అటువంటి నిశ్చయము చేసికొనగల పెద్దలు నేడు ఊరికి పదిమంది యున్నారు. రానున్న జూన్ మాసమున ఆ పుస్తకములో మొదటి పేరు వ్రాయువారు మీరే కావలెనని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.